ఆనర్స్ సీటు ఒక నిర్ణయం, ఆనర్స్ గది మరో నిర్ణయం

ఈసారి ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో, పన్నెండో తరగతి ముగించబోయే హైస్కూల్ సీనియర్ల సన్మానం మీరంతా చూసే ఉంటారు. పంచాంగ శ్రవణం అయ్యాక, పిల్లల కూచిపూడికి ముందు, ఏటా జరిగే కార్యక్రమమే. పేరు చదవడం, చేరబోయే యూనివర్సిటీ పేరు చదవడం, ఒక కండువా, ఒక జ్ఞాపిక, ఒక ఫొటో. ఈ ఏడు మాత్రం మైకులో కొత్త మాట ఒకటి వినిపించింది: "ఆనర్స్ కాలేజీ వచ్చిన పిల్లలు ముందు వరుసలోకి రండి." ఆనర్స్ కాలేజీ అంటే యూనివర్సిటీ లోపలే, కొందరిని ఎంచి చేర్చుకునే ప్రత్యేక ప్రోగ్రామ్. కొందరు ముందుకు జరిగారు, మిగతావాళ్ళు వెనక్కి తగ్గారు. ఆ వెనక వరుసలో, ఆనర్స్ ఉత్తరం అందుకుని, బాగా ఆలోచించి, వద్దనుకున్న అమ్మాయి ఒకతె నిలబడి ఉంది. భోజనాల దగ్గర వాళ్ళమ్మని ఒకరి తర్వాత ఒకరు అడిగారు: "ఏమ్మా, పాపకి రాలేదా?"

అలా పిలిచినవారికి దురుద్దేశం ఏమీ లేదని నాకు తెలుసు. పిల్లల్ని మెచ్చుకోవాలనే పిలిచారు. కానీ అది ఏప్రిల్ నెల. ఎక్కువ యూనివర్సిటీలకి మాట చెప్పాల్సిన గడువు మే 1. ఆ హాల్లో కూర్చున్న సగం ఇళ్ళలో నిర్ణయం ఇంకా నలుగుతూనే ఉంది. అలాంటి సమయంలో వేదిక మీద రెండు వరుసలు కడితే, ఇంట్లో ప్రశాంతంగా తేలాల్సిన విషయం ఇంటికెళ్ళే దారిలో కార్లోనే తేలిపోతుంది. కమిటీకి నా మొదటి విన్నపం ఇక్కడే చెబుతున్నాను: వచ్చే ఏడు పేరు, స్కూలు, చేరే యూనివర్సిటీ, ఇష్టమైన సబ్జెక్టు, ఇవి చదివితే చాలు. అందరూ ఒకే వరుసలో నిలబడాలి.

ఈ వరుసల అలవాటు మనకి ఎక్కడిదో మనకే తెలుసు. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో రెసిడెన్షియల్ కాలేజీల్లో ఇంటర్ చదివినవాళ్ళం మనలో చాలామందిమి. మార్కుల్ని బట్టి సెక్షన్లు, పై సెక్షన్‌కి మంచి లెక్చరర్లు, కొన్నిచోట్ల హాస్టల్ బ్లాకు కూడా వేరు. ఆ పద్ధతి మనలో ఎందరినో ఇంత దూరం తీసుకొచ్చింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. అక్కడ సిలబస్ ఒకటే, రాసే ఎంట్రన్స్ ఒకటే కాబట్టి పై సెక్షన్ వద్దనుకోవడానికి కారణమే ఉండేది కాదు. ఇక్కడి ఆనర్స్ అలాంటిది కాదు. మెకానికల్ ఇంజనీరింగ్ పిల్లలందరూ అవే కోర్ కోర్సులు చదువుతారు, అదే డిగ్రీ తెచ్చుకుంటారు. ఆనర్స్ అంటే దాని మీద కలిపే కొన్ని చిన్న క్లాసులు, కొంత అదనపు రాత, ఎక్కువచోట్ల చివర్లో ఒక థీసిస్ (సొంత పరిశోధన మీద రాసే పెద్ద వ్యాసం), మొదటి ఏడాది ఒక ప్రత్యేకమైన హాల్లో గది. వీటిలో ఏ పిల్లకి ఏది పనికొస్తుందో ఆ పిల్ల మేజరు (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు), ఏపీ క్రెడిట్లు (హైస్కూల్లోనే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు రాసి తెచ్చుకునే కాలేజీ క్రెడిట్లు), స్వభావం, వీసా, ఇంటి బడ్జెట్ కలిపి చూస్తే తప్ప తెలియదు.

అమెరికాలో ఈ పద్ధతికి పేరు తెచ్చింది స్వార్త్‌మోర్ కాలేజీ. ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చిన ఫ్రాంక్ ఐడెలాట్ అక్కడ ప్రెసిడెంటుగా ఉండగా 1922లో మొదలైంది. తర్వాత రాష్ట్ర యూనివర్సిటీలు దాన్ని అందుకున్నాయి. ఖరీదైన ప్రైవేటు కాలేజీలకి వెళ్ళిపోయే మంచి విద్యార్థుల్ని సొంత రాష్ట్రంలో నిలుపుకోవడం వాళ్ళ లక్ష్యాల్లో ఒకటి. పెన్ స్టేట్‌లో 1980లో మొదలైన స్కాలర్స్ ప్రోగ్రామ్, ష్రయర్ దంపతులు ఇచ్చిన 3 కోట్ల డాలర్లతో 1997లో ష్రయర్ ఆనర్స్ కాలేజీ అయింది. ఆరిజోనా స్టేట్‌లో 1988లో పెట్టిన ఆనర్స్ కాలేజీకి, క్రెయిగ్, బార్బరా బారెట్ కోటి డాలర్లు ఇచ్చాక, 2000లో బారెట్ పేరు వచ్చింది. అంటే ఆ ఉత్తరం ప్రశంసాపత్రం మాత్రమే కాదు, మీ పిల్లని తమ దగ్గరికి రప్పించుకోవడానికి యూనివర్సిటీ చేస్తున్న ప్రతిపాదన కూడా. ప్రతిపాదన వచ్చినప్పుడు షరతులు అడిగి తెలుసుకోవడం మర్యాద తప్పడమేమీ కాదు.

ఆ షరతులు ఒక్కోచోట ఒక్కో రకం. మేరీలాండ్ యూనివర్సిటీలో ఆనర్స్‌కి విడిగా దరఖాస్తు ఉండదు, అడ్మిషన్ దరఖాస్తు చూసే పిలుస్తారు. లోపల మళ్ళీ చాలా ప్రోగ్రాములు: జెమ్‌స్టోన్‌లో చేరితే నాలుగేళ్ళు ఒకే జట్టుతో ఒకే పరిశోధన, సైబర్ సెక్యూరిటీవాళ్ళ ఏసెస్ లాంటివి మొదటి రెండేళ్ళవి. ఈ రెంటికీ పోలికే లేదు, కానీ ఇంటికొచ్చే ఉత్తరం మీద రెంటికీ ఆనర్స్ కాలేజీ అనే ఉంటుంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌లో అందరికీ కలిపి ఒక ఆనర్స్ కాలేజీ అంటూ లేదు. 1935 నుంచి ఉన్న ప్లాన్ టూ, కంప్యూటర్ సైన్స్‌లో ట్యూరింగ్ స్కాలర్స్, బిజినెస్‌లో మరొకటి, దేని దారి దానిదే. టెక్సాస్‌లో క్లాసు ర్యాంకుతో ఆటోమేటిక్ అడ్మిషన్ వచ్చినంత మాత్రాన కోరుకున్న మేజరూ రాదు, ఆనర్సూ రాదు, దానికి వేరే దరఖాస్తు పెట్టాలి. న్యూజెర్సీలోని రట్‌గర్స్ యూనివర్సిటీలో ఆనర్స్ కాలేజీ ఒకటి, ఆర్ట్స్ అండ్ సైన్సెస్ వాళ్ళ ఆనర్స్ ప్రోగ్రామ్ ఇంకొకటి. ఎడిసన్ చుట్టుపక్కల మనవాళ్ళ కబుర్లలో ఈ రెండూ ఒకటిగా కలిసిపోతున్నాయి. మొదటి ఏడాది గది దగ్గర్నుంచి రెండింటి నియమాలూ వేరు.

ఆనర్స్‌లో మన పిల్లలకి నిజంగా మేలు చేసేది చిన్న సెమినార్ అని నా గట్టి అభిప్రాయం. బారెట్‌లో 'ది హ్యూమన్ ఈవెంట్' అనే రెండు సెమిస్టర్ల కోర్సు మొదటి ఏడాదే ఉంటుంది. యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ ఆనర్స్ కాలేజీలో 'ది హ్యూమన్ సిట్యుయేషన్' అలాంటిదే. ప్రాచీన గ్రంథాలతో మొదలుపెట్టి చదవడం, బల్ల చుట్టూ కూర్చుని వాదించడం, వ్యాసం రాసి తీసుకెళ్తే ప్రొఫెసరు ఎర్ర ఇంకుతో దిద్దడం. చిన్నప్పటి నుంచి మనం పిల్లల్ని లెక్కల క్లాసులకీ, స్పెల్లింగ్ బీలకీ, రోబోటిక్స్‌కీ తిప్పాం. పెద్దవాళ్ళ ముందు నోరు విప్పి "నేను ఒప్పుకోను, ఎందుకంటే" అనడం మాత్రం మన ఇళ్ళలో అంతగా నేర్పలేదు. మూడు వందల మంది కూర్చునే కెమిస్ట్రీ లెక్చర్ హాల్లో అది రాదు. ఇరవై మంది ఉన్న గదిలో, వారం వారం, రాక తప్పదు. పిల్లకి చదవడం ఇష్టమైతే, ఇదొక్కటే ఆనర్స్‌లో చేరడానికి చాలినంత కారణం. ఇష్టం లేని పిల్లకి ఆ రెండు సెమిస్టర్లూ నరకం, పైగా జీపీఏ పడిపోతుంది.

ఇక లెక్క. ఏ ఉత్తరమూ చెప్పదు కాబట్టి, మీరే కాగితం మీద వేసుకోవాలి. బారెట్‌లో మొదటి ఏడాది చేరినవాళ్ళు 36 ఆనర్స్ క్రెడిట్లు పూర్తిచేయాలి. అంతే భారం ఉన్న ఒక ఇంజనీరింగ్ డిగ్రీని ఉదాహరణగా తీసుకుందాం. డిగ్రీకి 128 క్రెడిట్లు. పిల్ల ఏపీ పరీక్షలతో 30 తెచ్చుకుంది. మిగిలింది 98. అందులో మేజరు, లెక్కలు, ఫిజిక్స్ కలిపి 80 పోతే, స్వేచ్ఛగా ఎంచుకోగలిగినవి 18. ఈ 18లో సెమినార్‌కి 6, ఇతర ఆనర్స్ క్లాసులకి 12 ఇచ్చేశాం అనుకుందాం. థీసిస్‌కి 6. ఇంకా 12 కావాలి, అంటే నాలుగు కోర్సులు. అవి మేజరు కోర్సుల్లోనే ఆనర్స్ సెక్షన్లుగానో కాంట్రాక్టులుగానో (ఇవేమిటో కింద చెబుతాను) దొరకాలి. దొరక్కపోతే అవి డిగ్రీకి అక్కర్లేని అదనపు క్లాసులవుతాయి. థీసిస్ 6 క్రెడిట్లని డిపార్ట్‌మెంటు టెక్నికల్ ఎలెక్టివ్‌గా లెక్కవేస్తుందో లేదో కూడా అడగాలి. వేయకపోతే అవీ అదనమే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఏపీలు ఎక్కువ రాసిన పిల్లకే ఆనర్స్ ఇరుకు. ఆనర్స్ క్లాసులు ఎక్కువగా ఉండేది హిస్టరీ, ఇంగ్లీషు, ఎకనామిక్స్ లాంటి జనరల్ ఎడ్యుకేషన్ సబ్జెక్టుల్లో. మన పిల్లలు పన్నెండో తరగతికే వాటిని ఏపీలతో దాటేసి ఉంటారు. మూడేళ్ళలో డిగ్రీ ముగించి ఒక ఏడాది ఫీజు మిగుల్చుకోవాలన్న ఆలోచన ఇంట్లో ఉంటే, ఆనర్స్ దానికి అడ్డం పడవచ్చు. నాలుగేళ్ళూ ఉండి చివర్లో మాస్టర్స్ కోర్సులు కలుపుకోవాలనుకుంటే రెండూ చక్కగా కలవవచ్చు. ఏ దారో ముందే అనుకోవాలి.

కాంట్రాక్ట్ అంటే ఏమిటో చాలామందికి తెలియదు. మామూలు కోర్సు తీసుకుని, ప్రొఫెసరుతో ఒప్పందం రాసుకుని, అదనంగా ఒక పేపరో ప్రాజెక్టో చేస్తే ఆ కోర్సు ఆనర్స్ కింద లెక్కవుతుంది. ఇల్లినాయ్ యూనివర్సిటీలో జేమ్స్ స్కాలర్లు అనే ఆనర్స్ విద్యార్థులు చేసేది ఇదే. వినడానికి తేలిక. ఆచరణలో మూడుచోట్ల తప్పుతుంది. ఒప్పంద పత్రం గడువు సెమిస్టర్ మొదటి వారాల్లోనే ఉంటుంది, పిల్లలు మిడ్‌టర్మ్ అయ్యాక గుర్తుచేసుకుంటారు. వందలమంది ఉన్న క్లాసులో ప్రొఫెసరు "నాకు తీరిక లేదు" అనవచ్చు, ఒప్పుకోవాలన్న నియమం ఆయనకి లేదు. ఒప్పుకున్నాక ఆ అదనపు పని సరిగ్గా పరీక్షల వారంలోనే మీద పడుతుంది. అందుకే క్యాంపస్ చూడ్డానికి వెళ్ళినప్పుడు "ఆనర్స్ క్లాసులు ఎన్ని ఉన్నాయి" అని కాదు, "నా మేజరులో, మూడో ఏడాది తర్వాత, కాంట్రాక్ట్ కాని ఆనర్స్ క్లాసులు పోయిన ఏడు ఎన్ని నడిచాయి" అని అడగమనండి. జవాబు తడబడితే అదే జవాబు.

ముందస్తు రిజిస్ట్రేషన్ గురించి ఎక్కువ చెబుతారు. అది నిజమైన లాభమే. మంచి ప్రొఫెసర్ల సెక్షన్లు గంటలో నిండిపోయేచోట ముందు రోజే సీటు పట్టుకోవడం చిన్న విషయం కాదు. కానీ చాలా యూనివర్సిటీల్లో రిజిస్ట్రేషన్ వరుస సంపాదించిన క్రెడిట్లని బట్టి నడుస్తుంది. 30, 40 ఏపీ క్రెడిట్లతో వచ్చిన పిల్ల ఎలాగూ రెండో ఏడాది వాళ్ళతో కలిసి రిజిస్టర్ చేసుకుంటుంది. ఆమెకి ఈ లాభం సగానికి తగ్గిపోతుంది.

థీసిస్ దగ్గర ఎక్కువమంది ఆగిపోతారు. ష్రయర్‌లో, బారెట్‌లో అది లేకుండా ఆనర్స్‌తో బయటికి రాలేరు. సరిగ్గా నడిస్తే రెండో ఏడాది వసంతంలో ప్రొఫెసర్ని వెతుక్కోవాలి, మూడో ఏడాదిలో ప్రతిపాదన రాయాలి, నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్‌కల్లా డేటా చేతిలో ఉండాలి. మనుషుల్ని ప్రశ్నలడిగే సర్వే ఏదైనా ఉంటే యూనివర్సిటీ ఎథిక్స్ బోర్డు అనుమతి తెచ్చుకోవాలి, దానికి వారాలు పడుతుంది. గైడు సబ్బాటికల్‌కి (ప్రొఫెసర్లు పరిశోధన కోసం తీసుకునే సుదీర్ఘ సెలవుకి) వెళ్ళిపోవడం, వేసవులన్నీ ఇంటర్న్‌షిప్పులకే పోవడం, నాలుగో ఏడాది సెప్టెంబరులో ఉద్యోగాల ఇంటర్వ్యూలన్నీ ఒక్కసారే రావడం, ఇవన్నీ కలిసి థీసిస్‌ని కిందికి లాగుతాయి. కంప్యూటర్ సైన్స్ పిల్లల్ని ఇంటర్వ్యూలో అడిగేది ఇంటర్న్‌షిప్పు, ప్రాజెక్టుల గురించి. పీహెచ్‌డీకి వెళ్ళాలనుకునే పిల్లకి మాత్రం థీసిస్ బంగారం: ఒక ప్రొఫెసరు తన పనిని దగ్గర్నుంచి చూసి రాసే సిఫారసు ఉత్తరం ఇంకోలా దొరకదు.

డాక్టరు చదువు మీద మనసున్న ఇళ్ళకి ఒక మాట. మెడికల్ స్కూళ్ళ ఉమ్మడి దరఖాస్తులో ఆనర్స్ కోర్సని గుర్తు పెట్టడానికి చోటుంది కానీ, జీపీఏ లెక్కలో దానికి అదనపు బరువు లేదు. హైస్కూల్లోలాగా ఆనర్స్‌కి అర పాయింటు కలవదు. ఆనర్స్ ఆర్గానిక్ కెమిస్ట్రీలో బి, మామూలు ఆర్గానిక్‌లో ఏ కంటే తక్కువే. న్యూజెర్సీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోని ఆల్బర్ట్ డోర్మన్ ఆనర్స్ కాలేజీలోలాగా మెడికల్ స్కూలుతో ముడిపడిన ప్రోగ్రామ్ అయితే సంగతి వేరు. అక్కడ ఆనర్స్ ఆ దారిలో భాగం, విడదీయలేం.

ఇప్పుడు గది. దీని గురించి మన ఇళ్ళలో చర్చే జరగదు. "ఆనర్స్ పిల్లలందరూ ఒకేచోట ఉంటారట, మంచిదేగా" అని సంతకం పెట్టేస్తాం. మొదట తెలుసుకోవాల్సింది, ఉండి తీరాలా, ఇష్టమైతేనా అన్నది. రట్‌గర్స్ ఆనర్స్ కాలేజీలో మొదటి ఏడాది వాళ్ళ హాల్లోనే ఉండాలి. జార్జియా యూనివర్సిటీలో మైయర్స్ హాల్, ఆస్టిన్‌లో ఆనర్స్ క్వాడ్ ఇష్టమైతేనే. ఉండి తీరాలంటే ఒక ఏడాదా, రెండేళ్ళా? నియమం తప్పితే హాల్ ఒక్కటే పోతుందా, ఆనర్స్ కూడా పోతుందా? ఇంటి నుంచి వెళ్ళొచ్చే పిల్లలకి మినహాయింపు ఉందా? ఇవి కాగితం మీద ఉండే విషయాలు, చదివితే తెలుస్తాయి.

తర్వాత దూరం. ఇది మ్యాప్ మీద వేలు పెట్టి చూడాల్సిన పని. రట్‌గర్స్‌నే చూడండి: 2015లో తెరిచిన ఆనర్స్ కాలేజీ భవనం న్యూ బ్రన్స్‌విక్‌లో కాలేజ్ ఎవెన్యూ క్యాంపస్‌లో ఉంది. ఇంజనీరింగ్, ఫిజిక్స్ క్లాసులు రారిటన్ నదికి అవతల పిస్కాటవేలో బుష్ క్యాంపస్‌లో ఉంటాయి. బిజినెస్ పిల్లల క్లాసులు లివింగ్‌స్టన్‌లో. హిస్టరీ చదివే పిల్లకి ఆ హాల్ వరం. ఇంజనీరింగ్ పిల్లకి పొద్దున్నే బస్సు, రాత్రి ప్రాజెక్టు ముగిశాక మళ్ళీ బస్సు, స్టడీ గ్రూపులోవాళ్ళంతా నదికి అవతల. కొందరు పిల్లలకి ఈ మార్పు బాగానే ఉంటుంది, వేర్వేరు చదువుల స్నేహితులు దొరుకుతారు. కొందరు అక్టోబరుకల్లా అలిసిపోతారు. మీ పిల్ల ఏ రకమో మీకంటే ఆమెకే బాగా తెలుసు.

గది లోపల చూడాల్సినవి చిన్నవే కానీ రోజూ తగిలేవి. ఆనర్స్ హాళ్ళలో కొన్ని కొత్తవి, బాత్రూమ్ ఇద్దరికో నలుగురికో ఒకటి. కొన్ని చాలా పాతవి, అంతస్తంతటికీ ఒకే బాత్రూమ్, ఏసీ ఉండదు. కొత్తవాటికి అద్దె ఎక్కువ. మామూలు హాల్లో సీటొచ్చిన బాల్య స్నేహితురాలితో గది పంచుకోవాలంటే చాలాచోట్ల కుదరదు, రూమ్మేట్ కూడా ఆనర్స్ అయి ఉండాలి. థ్యాంక్స్‌గివింగ్‌కీ, డిసెంబరు సెలవులకీ హాల్ మూసేస్తారా అన్నది దూరం నుంచి వచ్చే పిల్లలకి ముఖ్యం. మొదటి ఏడాది డార్ముల్లో మీల్ ప్లాన్ చాలాచోట్ల తప్పనిసరి. రైస్ కుక్కర్, ఇండక్షన్ స్టవ్ గదిలో పెట్టుకోనివ్వని హాళ్ళే ఎక్కువ, తనిఖీలో దొరికితే తీసేసుకుంటారు. అందుకని ఆ అంతస్తులో ఉమ్మడి వంటగది ఉందా, పొయ్యి పనిచేస్తుందా అని చూడాలి. శాకాహారి పిల్ల అయితే ఆనర్స్ హాల్‌కి దగ్గర్లోని డైనింగ్ హాల్ మెనూ రెండు వారాలది చూడండి. ఆరిజోనా స్టేట్ టెంపీ క్యాంపస్‌లో బారెట్ వాళ్ళకి సొంత డైనింగ్ హాలే ఉంది. రోజూ పిజ్జా, సలాడ్ మీద బతికే పిల్ల మొదటి సెమిస్టర్‌లో నీరసపడితే, దానికి ఆనర్స్ క్లాసులు కారణమని పొరబడతాం.

ఆ హాల్లోని వాతావరణం గురించి రెండు మాటలూ నిజమే. రాత్రి పదకొండుకి కాల్‌క్యులస్ అర్థం కాకపోతే పక్క గదిలో చెప్పేవాళ్ళుంటారు. గోల తక్కువ. పైతరగతి పిల్లలు పరిశోధన దారులు చెబుతారు. అదే హాల్లో అందరూ తమ తమ స్కూళ్ళలో మొదటి వరుసలో ఉన్నవాళ్ళే. మొదటి మిడ్‌టర్మ్‌లో 62 వచ్చిన పిల్లకి చుట్టూ ఎవరూ 62 వచ్చినవాళ్ళు కనిపించరు, ఎందుకంటే ఎవరూ చెప్పరు. మొహమాటపడే పిల్లలు, ఇంట్లో పోలికలు విని విని పెరిగిన పిల్లలు దీన్ని ఎవరికీ చెప్పుకోకుండా మోస్తారు. కాలేజీలో చేరాక మార్కులు మనకి నేరుగా చూపించరు, 1974 నాటి చట్టం ప్రకారం ఆ హక్కు పిల్లలది. కాబట్టి తెలిసేసరికి డిసెంబరు అవుతుంది.

మన వైపు నుంచి జరిగే పొరపాటు ఒకటి చెప్పక తప్పదు. గంట దూరంలో ఉన్న హాల్‌కి డబ్బు కట్టి, ప్రతి శుక్రవారం సాయంత్రం వెళ్ళి పిల్లని ఇంటికి తెచ్చుకుంటాం. ఆదివారం రాత్రి పప్పు, పులిహోర డబ్బాలతో దింపుతాం. ఆ డబ్బాల్లో ఉన్న ప్రేమ నాకు తెలుసు, ఏ డైనింగ్ హాలూ దానికి సాటి రాదు. కానీ ఆనర్స్ హాల్లో స్నేహాలు కుదిరేది శుక్ర, శనివారాల రాత్రుల్లోనే. వారాంతం ఇంట్లో ఉండే పిల్లకి ఆ హాల్ కేవలం ఖరీదైన పడకగది. ప్రతి వారమూ తెచ్చుకోవాలనే మీ మనసైతే, ఇంటి నుంచి వెళ్ళొచ్చే ఏర్పాటున్న యూనివర్సిటీ ఎంచుకుని గది ఖర్చు మిగుల్చుకోండి. అందులో చిన్నతనం లేదు. హాల్లో ఉంచాలనుకుంటే మొదటి ఆరు వారాలు అక్కడే వదిలేయండి, డబ్బాలు మీరే తీసుకెళ్ళి ఇచ్చి రండి.

డబ్బు సంగతి క్లుప్తంగా. బారెట్‌తో సహా కొన్ని ఆనర్స్ కాలేజీలకి ట్యూషన్ మీద వేరే ఫీజు ఉంటుంది. ఉదాహరణకి ఆ ఫీజు ఏడాదికి 1,500, గది అద్దెలో తేడా 1,800 అనుకుంటే, 5,000 డాలర్ల స్కాలర్‌షిప్‌లో చేతికి మిగిలేది 1,700. ఆ స్కాలర్‌షిప్ నాలుగేళ్ళకా, ఒక ఏడాదికా? ఆనర్స్ వదిలేస్తే అదీ పోతుందా, విడిగా వచ్చిందా? నిలుపుకోవడానికి జీపీఏ ఎంత కావాలి? ఆనర్స్‌లో కొనసాగడానికి కావాల్సిన జీపీఏ ఒకటి, స్కాలర్‌షిప్‌కి కావాల్సింది మరొకటి కావచ్చు. ష్రయర్‌లో కొనసాగడానికి 3.40, బారెట్‌లో 3.25. ఈ జవాబులు ఫోన్లో కాక ఈమెయిల్‌లో తెప్పించుకోండి.

హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. ఆనర్స్ కాలేజీలు గొప్పగా చెప్పుకునే గోల్డ్‌వాటర్ స్కాలర్‌షిప్, నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వేసవి పరిశోధన ప్రోగ్రాములు పౌరులకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకే. విదేశాల్లో చదువుకి ఇచ్చే మార్షల్, ఫుల్‌బ్రైట్ లాంటివాటికి అమెరికా నుంచి వెళ్ళాలంటే పౌరసత్వం చూస్తారు. హెచ్-4 మీద జీతం తీసుకునే పని చేయకూడదు, కాబట్టి ల్యాబ్‌లో స్టైపెండ్ ఇచ్చే పరిశోధన కుదరదు. క్రెడిట్ కోసం చేసేది కుదురుతుంది. 21 ఏళ్ళు నిండేలోగా ఎఫ్-1కి (స్టూడెంట్ వీసాకి) మారాల్సి వస్తే, కొన్నిచోట్ల ఇన్‌స్టేట్ ట్యూషన్ (ఆ రాష్ట్రంవాళ్ళకి ఉండే తక్కువ ఫీజు) మీదా స్కాలర్‌షిప్ మీదా దెబ్బ పడుతుంది. 18 ఏళ్ళకి కాలేజీలో చేరిన పిల్లకి అది సరిగ్గా థీసిస్ మొదలయ్యే మూడో ఏడాదిలో వస్తుంది. అడ్మిషన్ ఆఫీసుని ఒకసారి, ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుని ఒకసారి, ఇద్దరినీ అడగండి. ఒక ఆఫీసుకి తెలిసింది రెండోదానికి తెలియకపోవడం మామూలే.

ఇప్పుడు వద్దంటే తలుపు మూసుకుపోతుందన్న భయం చాలా ఇళ్ళలో ఉంది. ష్రయర్, బారెట్ లాంటి పెద్ద ఆనర్స్ కాలేజీలు ఒకటి రెండు సెమిస్టర్లు చదివిన పిల్లల దరఖాస్తులు కూడా తీసుకుంటాయి. అప్పుడు చూసేది కాలేజీ జీపీఏ, ప్రొఫెసర్ల మాట. ఆలస్యంగా చేరేవాళ్ళకి మొదటి ఏడాది గది నియమం ఉండదు, కావాల్సిన క్రెడిట్లు కూడా తక్కువ. పోయేది మొదటి ఏడాది సెమినార్ బృందం, కొన్నిచోట్ల స్కాలర్‌షిప్. అలాగే చేరినవాళ్ళు రెండో ఏడాది చివర్లో బయటికి రావడం కూడా మామూలు విషయమే. డిగ్రీకి దెబ్బ తగలదు. తీసుకున్న చిన్న క్లాసులు తీసుకున్నట్టే ఉంటాయి. అలా బయటికొచ్చిన పిల్లలు మన పార్టీల్లో ఆ మాట ఎత్తరు, వాళ్ళ తల్లిదండ్రులు అంతకన్నా ఎత్తరు. అందుకే తర్వాతి ఏడాది పిల్లలకి ఒక వైపు కథే తెలుస్తుంది.

నేను ఆనర్స్‌కి వ్యతిరేకిని కాను. చదవడం ఇష్టమున్న పిల్ల, పరిశోధన మీద ఆశ ఉన్న పిల్ల, నలభై వేలమంది ఉన్న క్యాంపస్‌లో తప్పిపోతానేమోనని భయపడే పిల్ల, వీళ్ళ ముగ్గురినీ చేరమనే చెబుతాను. నేను కోరేది రెండు నిర్ణయాల్ని రెండుగా చూడమని, రెంటినీ పిల్ల చేత చేయించమని. అడ్మిటెడ్ స్టూడెంట్స్ డే రోజు ఆనర్స్ సమావేశానికి వెళ్ళాక, పిల్లని ఆ హాల్లో ఒంటరిగా ఒక గంట తిరగనివ్వండి. మీరు కాఫీ తాగుతూ కూర్చోండి. లాంజ్‌లో ఉన్న రెండో ఏడాది పిల్లల్ని "ఇక్కడ ఏం నచ్చలేదు" అని తనే అడగాలి. పక్కన అమ్మానాన్న నిలబడి ఉంటే ఆ ప్రశ్నకి నిజమైన జవాబు రాదు.

సంఘానికి నా రెండో విన్నపం. మనబడి తెలుగు క్లాసుల కోసం హాల్ ఎలాగూ ఆదివారాలు మన చేతిలో ఉంటుంది. ఏప్రిల్ రెండో వారంలో, పిల్లల చేతికి ఉత్తరాలన్నీ అందాక, ఒక సాయంత్రం మూడు గంటలు సీనియర్లకి ఇద్దాం. ఆనర్స్ పూర్తిచేసిన వాళ్ళని ఇద్దరిని, మధ్యలో వదిలేసిన వాళ్ళని ఇద్దరిని, మొదటే వద్దనుకున్న వాళ్ళని ఇద్దరిని పిలుద్దాం. వేర్వేరు మేజర్లు, వేర్వేరు యూనివర్సిటీలు అయితే మంచిది. మొదటి గంట అందరూ వినవచ్చు. తర్వాతి రెండు గంటలు తల్లిదండ్రులు పక్క గదిలో కూర్చుని ఫీజులు, వీసాల సంగతి మాట్లాడుకుంటారు. పిల్లలు పిల్లలతో మాట్లాడుకుంటారు. వద్దనుకున్నవాళ్ళు మే 1 లోపు ఆనర్స్ ఆఫీసుకి రెండు వాక్యాల ఉత్తరం రాయాలని అక్కడే చెప్పాలి, వెయిట్‌లిస్టులో ఉన్న ఇంకో పిల్లకి ఆ చోటు వెళ్ళవచ్చు. ఆ ఉత్తరంలో యూనివర్సిటీ సీటునీ, మామూలు హౌసింగ్ దరఖాస్తునీ అలాగే ఉంచమని స్పష్టంగా రాయించాలి.